సరస్సు గట్టున చిన్నయిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు కార్యములందును చేతిలోని ధనము లెక్కకు మించి ఖర్చగుననియు, మనుష్యుని ఓర్పు పరీక్షింపబడుననియు దీని భావము. కాని పెండ్లి సందడి కొన్ని దినములలో ముగియును. ఇల్లో, కట్టినవాని జీవితకాలమంతయు నిలిచియుండును. ఒక్కొక్కప్పుడు వాని మనుమల కాలమునకును నిలుచును. కాగితముపై గీచిన గీత తప్పైనచో రబ్బరుతో తుడిచివేయవచ్చును. ఇటుకలతో లేచిన గోడ తప్పైనచో ఆ తప్పు నిత్యము కన్నులయెదుటనే యుండును. కావున ఇంటికి పునాది త్రవ్వుటకు ముందే దానిని మనస్సులో కట్టి చూచుకొనవలయును. ఈ సత్యమును తన తలిదండ్రుల ధనముతో నేర్చుకొనిన యొక గొప్ప వాస్తుశిల్పి వృత్తాంత మిది.

స్విట్జర్లండు దేశమున జూరా పర్వతములలో లా షో ద ఫొన్ అను పట్టణము గలదు. గడియారముల తయారీకి అది పేరొందిన యూరు. అచ్చట జన్నెరె అను నింటిపేరు గల కుటుంబ మొకటి యుండెడిది. తండ్రి గడియారముల ముఖములకు మెరుగుపూత పూయు పనివాడు. తల్లి పిల్లలకు పియానో వాద్యము నేర్పెడిది. వారికి ఇద్దరు కుమారులు. పెద్దవాడు సంగీతమునందు ప్రవీణుడయ్యెను. 1887వ సంవత్సరమున జన్మించిన రెండవవాడు గృహములను కల్పించు విద్యను చేపట్టెను. ఇతడే 1920 నుండి లె కార్బూజియే అను పేరుతో లోకమున ప్రసిద్ధి గాంచెను.

కుమారుడు యువకుడై యుండగా, 1912వ సంవత్సరమున, తలిదండ్రులకు తన ఊరి కొండపై నొక యిల్లు కట్టెను. తెల్లని గోడలతో, విశాలమైన గదులతో, తోటతో అది చూడముచ్చటగా నుండెను. కాని ఆ దంపతులు జీవితమంతయు కూడబెట్టినది చాలవరకు దానికే చెల్లిపోయెను. కట్టుటతో ఖర్చు ఆగలేదు. చలిదేశమున పెద్దయింటిని వెచ్చగా నుంచుట, బాగుచేయించుట, తోటను పోషించుట ఇవన్నియు ధనముతో కూడిన పనులే. కొలది యేండ్లకే వారి శక్తి యుడిగిపోయెను. 1919వ సంవత్సరమున ఆ యింటిని నష్టమునకు అమ్మివేయవలసి వచ్చెను. కన్నకొడుకు కట్టిన యింటి గడపను వృద్ధులైన తలిదండ్రులు విడిచిపోవుటకంటె బాధాకరమైన విషయ మేమి గలదు? ఇంటికి అందము కొరవడలేదు. ఉండువారి శక్తికి ఇల్లు సరిపోలేదు.

కొన్ని సంవత్సరములు గడిచెను. కుమారుడు పారిస్ నగరమున స్థిరపడెను. తండ్రికి డెబ్బదియవ యేడు సమీపించుచుండెను. తల్లికి అరువది దాటెను. వారికి మరల నొక సొంతయిల్లు కావలసియుండెను. ఈ మారు కుమారుడు పని నారంభించిన తీరు వేరు. ఇల్లు ఎట్లు కనబడవలయునని ఆతడు మొదట ఆలోచింపలేదు. ఇందు నివసించువా రెందరు? ఇద్దరు. వారు ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చేయు పనులెవ్వి? ఏ పని తరువాత ఏ పనికి పోవుదురు? కూర్చుండుటకు, వండుకొనుటకు, స్నానమునకు, నిద్రకు ఎంతెంత చోటు నిజముగా కావలయును? ఇట్లు ఒక్కొక్క పనిని కొలిచి, ఆ కొలతలను వరుసగా కూర్చి, ఇంటి పటమును గీచెను. చిత్రమేమనగా అప్పటికి స్థలమే లేదు! ఆ పటమును జేబులో నుంచుకొని, దానికి తగిన నేలకై సరస్సు గట్టువెంబడి వెదకెను. వెవే పట్టణమునకు సమీపమున, లెమాన్ సరస్సు గట్టున, కోర్సో అను గ్రామములో ఆ పటమునకు సరిపోవు చిన్నతావు దొరకెను. జెనీవా సరస్సు అని మనము చెప్పుకొనునది ఈ సరస్సే.

స్థలము కొని పిమ్మట పటము గీయుట లోకాచారము. అందరును లె కార్బూజియేవలె చేయుట సాధ్యము కాదు. అయినను ఇందలి యుక్తిని గ్రహింపవలయును. ఇల్లు మనుష్యులకొరకు గాని స్థలమును నింపుటకొరకు గాదు.

1923, 1924 సంవత్సరములలో కట్టబడిన ఆ యింటి పొడవు 16 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. అనగా 64 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు 690 చదరపు అడుగులు. అందులో నొక ముందుగది, ఒక పడకగది, స్నానపుగది, వంటయిల్లు, బట్టలు ఉతుకుకొను చోటు అమరియున్నవి. పడకగది ఒక్కటే. అతిథి వచ్చినచో ముందుగది కొనను కదలెడు తెరగోడతో వేరుచేసి నిద్రకు చోటు కల్పించుకొనవచ్చును. అతిథి పోయినచో ఆ చోటు మరల ముందుగదిలో కలిసిపోవును. ఏడాదిలో పది దినములు వచ్చు చుట్టమునకై ఏడాది పొడవునను ఒక గది తాళము వేసి యుంచుకొనవలసిన పని లేదు. ఒక గది నుండి మరియొక గదికి పోవుచు ఇల్లంతయు చుట్టి మొదటి చోటికే రావచ్చును. ఒట్టి నడవలకు చోటు వృథా కాలేదు.

సరస్సు వైపు గోడకు 11 మీటర్ల పొడవున ఒకే కిటికీ యున్నది. దక్షిణపు టెండ ఆ కిటికీనుండి ఇంటిలోనికి వచ్చును. ఆవలి గట్టున మంచుకొండలును, వాని క్రింద నీరును, ముందుగదిలో కూర్చున్నవారికి కనబడుచుండును. ఇల్లు ఇరుకైనను చూపున కిరుకు లేదు.

తోట విషయమున ఆతడు మరియొక ఉపాయము చేసెను. తోటచుట్టును గోడ కట్టి, సరస్సు కనబడకుండ మూసి, ఆ గోడలో ఒక్కచోట మాత్రము చతురస్రమైన కిటికీవంటి రంధ్రమును విడిచెను. దానియొద్ద సిమెంటు బల్ల నొకటి కట్టించెను. ఎల్లవేళల ఎదుటనుండు దృశ్యమును కన్ను త్వరలోనే మరచిపోవును. చట్రములో బిగించిన పటమువలె కొంచెముగా కనబడినచో దానిని చూచుటకు మనస్సు మాటిమాటికి పోవును. ఇంటి కుక్కకు దారినపోవువారిని చూచు వేడుక యుండునని గోడ కడ్డముగా దానికొక చిన్నమెట్టును, కమ్ముల కిటికీని అమర్చెను. సరస్సును చూచుటకు పిల్లికిని ఒక చిన్నతిన్నె యేర్పడెను. పొదుపుగా కట్టిన యింటిలో కుక్కకును పిల్లికిని చోటు దొరకెను. అందు నివసించు ప్రతిప్రాణిని తలచుకొని గీచిన పటమున కిది సాక్ష్యము.

ఇంటికప్పు సమతలముగా నుండును. దానిపై మన్ను పోసి గడ్డిని పెరుగనిచ్చిరి. ఆ మన్ను వేసవిలో ఎండనుండియు, శీతకాలమున చలినుండియు కప్పును కాపాడును.

ఆ యింటికి దోషములే లేవని తలంపరాదు. సరస్సు నీటిమట్టము ఋతువునుబట్టి హెచ్చుచు తగ్గుచు నుండును. నీరు పెరిగినపుడు ఇంటిక్రింది చిన్న నేలమాళిగ పడవవలె పైకి నెట్టబడి గోడ బీటవారినది. తరువాతి కాలమున వెలుపలి గోడలకు లోహపు రేకులు తొడిగించిరి. నీటిలో మునిగిన వస్తువును నీరు పైకి నెట్టునని విజ్ఞానశాస్త్రమున చదువుకొను ఆర్కిమిడీసు సూత్రము ఇంటిగోడపై గీతయై కనబడెను! చుట్టుపట్ల గ్రామాధికారులకు ఈ క్రొత్తరీతి యిల్లు నచ్చలేదనియు, ఇది ప్రకృతికే అపచారమని తలచి, ఇట్టి యింటిని మరియెవ్వరును కట్టరాదని నిషేధించిరనియు లె కార్బూజియేయే తరువాత వ్రాసికొనెను.

తండ్రి ఆ యింటిలో ఎక్కువకాల ముండుటకు నోచుకొనలేదు. 1926లో ఆయన కన్నుమూసెను. తల్లి మాత్రము 1960వ సంవత్సరము వరకు, నూరేండ్లు నిండవచ్చు ప్రాయము వరకు, ఆ చిన్నయింటిని విడువలేదు. మెట్లెక్కి దిగు శ్రమ లేదు. ఊడ్చుటకు మిగులు గదులు లేవు. వంటయింటికిని పడకకును నడుమ నాలుగడుగుల నడక. పెద్దయిల్లు ఏడేండ్లలో చేజారెను. చిన్నయిల్లు ముప్పదియైదేండ్లు తల్లిని కాపాడెను. ఆమె తరువాత పెద్దకుమారుడు 1973 వరకు అందే నివసించెను.

మన దేశమునకును ఈ వాస్తుశిల్పికిని సంబంధము గలదు. 1951 నుండి చండీగఢ్ నగర నిర్మాణమున ప్రధానపాత్ర వహించినవాడు ఈయనయే. 2016వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ, అనగా యునెస్కో, ఈయన కట్టడములు పదునేడింటిని ప్రపంచ వారసత్వ సంపదగా నొకేసారి ప్రకటించెను. చండీగఢ్ నందలి శాసనసభ, ఉన్నతన్యాయస్థానము, సచివాలయములతో కూడిన మహాప్రాంగణ మా పట్టికలో నున్నది. దాని ప్రక్కనే, అదే గౌరవముతో, సరస్సు గట్టున తల్లికి కట్టిన 64 చదరపు మీటర్ల చిన్నయిల్లును ఉన్నది.

ఇంతవరకు మనుష్యుని కొలత చెప్పబడినది. నేటి యింటిలో మనుష్యునితోపాటు వాహనమునకును చోటు కావలయును. ఈ విషయమునను లె కార్బూజియే త్రోవ చూపెను. పారిస్ సమీపమున ప్వాసీ గ్రామములో 1928 నుండి 1931 వరకు ఆయన కట్టిన విల్లా సవోయ్ అను భవనమున క్రిందిభాగపు గోడ వంపు తిరిగియుండును. ఆ వంపు అలంకారమునకు గాదు. కారు లోనికి వచ్చి, స్తంభముల నడుమనుండి యింటిని చుట్టి, షెడ్డులో ప్రవేశించుటకు ఎంత వంపు కావలయునో అంతయే ఆ గోడకు నిచ్చెను. తల్లి నడకను కొలిచి చిన్నయింటిని గీచినవాడే కారు నడకను కొలిచి ఆ పెద్దయింటిని గీచెను. అయితే ఆ భవనము వర్షమునకు కారుచున్నదని యజమానులు మొరపెట్టుకొనిరి. వర్షపునీరు పోవుదారిని మరచిన పటము పూర్తి పటము గాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. లెమాన్ గట్టు ఇంటిని పెకలించి తెచ్చి గుంటూరులోనో కరీంనగరములోనో నిలిపినచో అది మనకు పనికిరాదు. అచ్చటివారికి ఎండ వరము; మనకు వేసవి ఎండ శత్రువు. వారి ఇంటిరూపమును గాక వారి ఆలోచనాక్రమమును మనము తెచ్చుకొనవలయును. ఉదాహరణకు, ఉద్యోగవిరమణ చేసిన దంపతు లిద్దరికి 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల స్థలము కలదనుకొందము. ఉత్తరమున వీధి యున్నది. వారికి ఒక పడకగది, కారు షెడ్డు గల యిల్లు కావలయును. దానిని ఎట్లు గీయవలయును?

మొదట కారును కొలువవలయును. మన దేశమున చిన్నకార్లు సాధారణముగా 4 మీటర్ల లోపు, అనగా 13 అడుగుల పొడవున్నవి. వెడల్పు ఐదున్నర, ఆరడుగులు. తలుపు తెరచి వృద్ధుడు చేతికఱ్ఱతో దిగుటకు ప్రక్కన మూడడుగులైనను ఉండవలయును. కావున షెడ్డునకు 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు చాలును. దానిని వాయవ్యమూలను, వీధి వైపునకు తెరచుకొనునట్లు ఉంచవలయును. పడమటి యెండ మన ఇండ్లకు మిక్కిలి వేడి తెచ్చును. ఆ వేడిని సగము వరకు షెడ్డుగోడయే భరించును.

షెడ్డు వెనుక 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవున స్నానపుగది యుండవలయును. దాని వెనుక నైరృతిమూలను 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున పడకగది. షెడ్డునకును పడకగదికిని నడుమ స్నానపుగది యుండుటవలన కారు చప్పుడును పొగయు నిద్రించువారి దరిచేరవు. పడకగదినుండి స్నానపుగదికి నేరుగా తలుపున్నచో అర్ధరాత్రి వృద్ధులు తడుముకొన నక్కరలేదు. పడకగది పడమటిగోడకు బట్టల బీరువాలను అమర్చినచో వేడి కొంత తగ్గును. కిటికీ దక్షిణమున నుంచి, దానిపై రెండడుగుల సజ్జా వేయవలయును. వేసవి మధ్యాహ్నమున మన ప్రాంతములందు సూర్యుడు దాదాపు నడినెత్తిన నుండును గనుక ఆ సజ్జాయే ఎండను ఆపివేయును. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలియుండును గనుక ఎండ కొంత లోనికి వచ్చును.

తూర్పు వైపున 12 అడుగుల వెడల్పున మిగిలిన గదులు వచ్చును. వీధి వైపున 7 అడుగుల వసారా. దాని వెనుక 18 అడుగుల ముందుగది. దానికి వెనుక ఆగ్నేయమూలను 8 అడుగుల వంటయిల్లు. ముందుగదిలో వంటయింటి వైపు కొనయే భోజనముల చోటు. అచ్చటినుండియే పడకగదికి ద్వారము. స్నానపుగదికిని ముందుగదినుండి మరియొక ద్వారము. చుట్టము వచ్చినచో ముందుగదిలోనే మడతమంచము వేసి తెర దించవచ్చును. తూర్పునను, ఉత్తరమునను కిటికీలున్నచో ప్రొద్దుటి వెలుతురును గాలియు నిండుగా వచ్చును.

లెక్క చూడుడు. షెడ్డు 160, స్నానపుగది 50, పడకగది 120, వసారా 84, ముందుగది 216, వంటయిల్లు 96; మొత్తము 726 చదరపు అడుగులు. గోడల మందము దీనికి వేరు. ఇంటికి ఇరుప్రక్కల మూడేసి అడుగుల వరకును, ముందువైపున పది అడుగులును మిగులును. ఆ పది అడుగులలో నొక వేపచెట్టు నాటవచ్చును. ఇండ్లు కట్టుటకు పురపాలక సంఘముల నియమములు ఊరూర వేరుగా నుండును గనుక వానిని విచారించి ఈ కొలతలను సవరించుకొనవలయును.

షెడ్డు విషయమున ప్రాణరక్షణకు సంబంధించిన మాట లున్నవి. షెడ్డు తలుపులు మూసి యింజను నడుపరాదు. పెట్రోలు మండినపుడు వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది మనుష్యుని నిశ్శబ్దముగా చంపును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలను అంటి ప్రాకును. అందుచే షెడ్డు నేలను ఇంటినేలకంటె ఆరంగుళములు దిగువగా నుంచి, వాకిలి వైపునకు కొంచెము వాలుగా చదును చేయవలయును. గోడ అడుగునను పైనను గాలిరంధ్రములు విడువవలయును. గ్యాసు సిలిండరుకు షెడ్డులో చోటియ్యరాదు. విద్యుత్తుతో నడచు కారుకు పొగ లేదు గాని, దానికి తగిన తీగలను, మీటను మొదటనే పటములో గుర్తించి యుంచుట మంచిది.

పటము పూర్తియైన తరువాత మన తాపీమేస్త్రీలు నేలపై సున్నముతో “ముగ్గు పోయుదురు”. గోడ వచ్చుచోట నెల్ల తెల్లనిగీత పడును. ఇటుకలు రాకముందే ఇల్లు నేలపై పరచుకొనును. ఆ దినమున ఆ ఇంటి అమ్మమ్మను పిలిచి, “అమ్మమ్మా, ఇది నీ వంటయిల్లు, ఇది పడకగది, ఒకసారి నడచి చూడుము” అని అడుగువాడు తెలివిగలవాడు. ఆమె రెండడుగులు వేసి, “నాయనా, ఈ వాకిలి ఇక్కడ నుండరాదు, నీళ్ల బిందెతో తిరుగుట కష్టము” అన్నచో గీతను కాలితో చెరిపివేసి మరల గీయవచ్చును. గోడ లేచిన పిమ్మట ఆమె మాటకు విలువ యున్నను ఉపయోగ ముండదు.

విద్యార్థులారా! మీ పాఠశాల ఆటస్థలమున 22 అడుగుల వెడల్పు, 33 అడుగుల పొడవున సున్నముతో ఈ యింటిని గీయుడు. ఒకరు తాతగారై, ఒకరు అమ్మమ్మయై, ఒకరు అతిథియై అందులో మెలగి చూడుడు. ఎవరు ఎక్కడ ఒకరినొకరు తగులుకొందురో, ఏ ద్వారము అడ్డమగునో గమనింపుడు. పిదప గీతను మార్చుడు. స్విట్జర్లండులో నొక కుమారుడు తన మొదటి యింటికి చేయక, రెండవ యింటికి చేసిన పని యిదియే.